కరకట్ట మీద పాఠము

కృష్ణానది విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటిన తరువాత కొండలను విడిచి, ఇసుకతిన్నెలను వెంటబెట్టుకొని సముద్రమువైపు సాగిపోతున్నది. ఎడమ ఒడ్డున, నదికి కాపలా కాస్తున్నట్లు, ఎత్తైన మట్టికట్ట ఒకటి మైళ్లకొలది దానివెంట నడుస్తున్నది. ఆ ప్రాంతమువారు దానిని కరకట్ట అంటారు. కట్టకు ఒక ప్రక్క నది, లంకభూములు. రెండవ ప్రక్క ఊళ్లు, మాగాణులు. వరద వచ్చిననాడు ఈ రెంటికీ నడుమ అడ్డు నిలిచేది ఆ మట్టి ఒక్కటే.

మాఘమాసములో ఒక రెండవ శనివారమునాడు, ప్రొద్దు ఇంకా తాడితోపుల మీదికి రాకముందే, ఈ కట్ట మీద ఇరవైమంది నడచిపోతున్నారు. అందులో పదిహేడుగురు తొమ్మిదవ తరగతి విద్యార్థులు. తక్కిన ముగ్గురు వారి ఉపాధ్యాయులు: తెలుగు చెప్పే మాస్టారు, సాంఘికశాస్త్రము చెప్పే మాస్టారు, సామాన్యశాస్త్రము చెప్పే టీచరుగారు. భుజములకు సంచులు, చేతులలో నీళ్ల సీసాలు. కట్టమీద పోయే ఆటోలవాళ్లు ఆపి, ఎక్కమని పిలుస్తున్నారు. ఎవరూ ఎక్కకపోవడము వారికి వింతగా తోచింది.

ఈ నడకకు కారణము ఒక పరీక్షపత్రము. జతపరచుడు అన్న ప్రశ్నలో నాలుగు ఊళ్లపేర్లు వచ్చినవి. శ్రీకాకుళమునకు ఎదురుగా ఆంధ్రమహావిష్ణువు, ఘంటసాలకు బౌద్ధస్తూపము, మొవ్వకు క్షేత్రయ్య, కూచిపూడికి నాట్యము. తరగతిలో అందరూ సరిగా జతపరచినారు, అందరికీ పూర్తి మార్కులు వచ్చినవి. మరునాడు తెలుగు మాస్టారు పటము గోడకు తగిలించి, ఆ నాలుగు ఊళ్లనూ చూపమన్నారు. ఒక విద్యార్థి శ్రీకాకుళమును ఒడిషా సరిహద్దులో చూపించినాడు. ఘంటసాల ఊరు కాదని, పాటలు పాడినవారని మరొకడు వాదించినాడు. మొవ్వ ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియలేదు. నాలుగూ ఒకే జిల్లాలో, ఒకే నది ప్రక్కన, ఒకటిన్నర రోజు నడకలో ఉన్నవని మాస్టారు చెప్పినప్పుడు తరగతి నమ్మలేదు. నమ్మకపోతే నడచి చూడండి అన్నారాయన.

పిల్లలను పూర్తిగా తప్పుపట్టడానికి వీలులేదు. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రమునకు, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ చిన్న గ్రామమునకు పేరు ఒకటే. పెద్దలే పొరబడిన సందర్భములు కలవు. ఇక ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పుట్టినది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఇంటిపేరు మాత్రము ఈ ఊరి పేరే. ఊరిపేరు ఇంటిపేరై, ఇంటిపేరు గొంతు పేరై, చివరకు ఊరే మరుగుపడింది.

శ్రీకాకుళమునకు కొన్ని మైళ్లు ఎగువనే బస్సు దిగి వారు నడక ప్రారంభించినారు. కుడిచేతివైపు నది. మాఘమాసములో కృష్ణను చూచినవాడు దానిని మహానది అని ఒప్పుకొనడము కష్టము. కనుచూపుమేర ఇసుక, ఇసుక మధ్య రెండు మూడు పాయలుగా, మోకాలిలోతుకు మించని నీరు. ఇసుకలో లారీల చక్రముల జాడలు నీటి అంచుదాకా పోయి తిరిగివచ్చినవి. ఎగువన నీరు నిలిపి కాలువలకు మళ్లించినందువల్ల ఈ భాగములో నది ఏడాదిలో అనేక నెలలు ఇట్లే ఉంటుంది. కాటన్ దొర ఆలోచనతో విజయవాడవద్ద ఆనకట్ట కట్టడము 1852లో మొదలై 1855లో ముగిసింది. అది 1952లో తెగింది. దానికి బదులుగా కట్టిన బ్యారేజీ 1957లో పూర్తియై టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకొన్నది. కాలువలు వచ్చినవి, రెండువైపులా డెల్టా పచ్చబడింది, నది మాత్రము దిగువన సన్నబడింది.

లంకపొలములో పసుపు త్రవ్వుతున్నారు. త్రవ్విన కొమ్ములను ఉడకబెట్టి కట్టవార కళ్లములో ఆరబోసినారు. ఆ వాసన పిల్లలను ఆపింది. కళ్లము దగ్గర కూర్చున్న ఒక వృద్ధరైతు వారిని పలకరించినాడు.

"ఎక్కడికి బాబూ ఇంతమంది? పాదయాత్రా?"

పాఠము కోసమని ఒకడు చెప్పినాడు. ఆయన నవ్వి, కట్టక్రింద లంకలో నిలబడిన కరెంటు స్తంభమొకటి చూపించినాడు. 2024 సెప్టెంబరులో నీళ్లు ఆ స్తంభము సగముదాకా వచ్చినవట. బ్యారేజీ దగ్గర సెకనుకు పదకొండు లక్షల నలభై మూడు వేల ఘనపుటడుగుల నీరు పోయిన వరద అది. అంతకుముందు పెద్దదని చెప్పుకొన్న 2009 అక్టోబరు వరదను మించింది. రైతుకు ఆ అంకెలతో పనిలేదు. ఆయనకు స్తంభము ఉన్నది.

"అరటి అంతా పోయింది. పసుపూ పోయింది. రెండు రాత్రుళ్లు మా మగవాళ్లమందరం కట్టమీదే ఉన్నాం, ఎక్కడ ఊట పడుతుందో అని లాంతర్లు పట్టుకొని చూసుకుంటూ."

"మళ్లీ వరద వస్తుంది కదా తాతా, అక్కడే ఎందుకు వేశారు?" అని ఒక బాలిక అడిగింది.

"వచ్చిన నీళ్లు ఊరికే పోయాయా తల్లీ? జానెడు ఒండ్రు పెట్టి పోయాయి. ఈ కొమ్ము చూడు." ఆయన ఒక పసుపుకొమ్మును విరిచి ఆమె చేతిలో పెట్టినాడు. లోపల నారింజపండు రంగు.

సామాన్యశాస్త్రపు టీచరుగారు ఆ పొలపుగట్టు కోతవద్ద పిల్లలను కూర్చోబెట్టి మట్టిని చూపించినారు. ఒక పొర ఇసుక, దానిపై ఒక పొర మెత్తని ఒండ్రు, మళ్లీ సన్నని ఇసుక. ఒక్కొక్క పొర నది ఒక్కొక్క రాక. సహ్యాద్రిలో మహాబలేశ్వరము దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ నేలలను కడిగి తెచ్చిన మట్టి ఇది అని ఆమె చెప్పినారు. డెల్టా అంటే ఏమిటో పిల్లలు ఆరవ తరగతినుంచి నిర్వచనము వ్రాస్తూనే ఉన్నారు. దానిమీద కూర్చొని ఉన్నామని ఆనాడే తెలిసింది.

శ్రీకాకుళము చేరేసరికి పది గంటలయింది. కట్ట దిగితే ఊరు. ఊరిలో ఆంధ్రమహావిష్ణువు ఆలయము. ఆంధ్రవిష్ణువు అనే రాజే దేవుడై ఇక్కడ పూజలందుకొన్నాడని, ఇదే ఆంధ్రుల తొలి రాజధాని అని స్థలపురాణము. చరిత్రకారులు దీనిని ఒప్పుకొనరు. ఊరివారు చరిత్రకారులను ఒప్పుకొనరు. ఈ వివాదములో సాంఘికశాస్త్రపు మాస్టారు ఎటూ తేల్చకుండా చెప్పులు విడిచి లోపలికి పోయినారు.

కాని ఒక సంగతిలో వివాదము లేదు. కళింగముపై దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ఈ ఊరిలో ఏకాదశినాడు ఉపవసించి నిద్రించినట్లు, తెల్లవారుజామున ఈ స్వామి కలలో కనబడినట్లు, ఆముక్తమాల్యద అవతారికలో రాయలే చెప్పుకొన్నాడు. ఆలయము దగ్గరి మండపమును ఊరివారు రాయల మండపమని పిలుస్తారు. పిల్లలు అక్కడ కూర్చొన్నారు. తెలుగు మాస్టారు పద్యము చదవలేదు, కథ చెప్పినారు. రాయలు అంతకుముందు సంస్కృతములో కావ్యములు వ్రాసినవాడు. కలలో స్వామి ఆ గ్రంథములపేర్లే ఎత్తి మెచ్చుకొని, ఇక తెలుగులో ఒకటి వ్రాయవయ్యా అన్నాడట. గోదాదేవి పెండ్లి కథ అడిగినాడు. దానిని తిరుమల వేంకటేశ్వరునికి అంకితమీయమన్నాడు.

వెనుకవరుసలోనుంచి ఒక కుర్రవాడు, "అయితే మా అన్నయ్యది దీనికి తలక్రిందులు, మాస్టారూ" అన్నాడు.

"అదేమిటోయ్?"

"వాడు పదిదాకా తెలుగు చదివి, ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నాడు. మార్కులు బాగా వస్తాయట. అందులో ఇప్పుడు ఒక్క శ్లోకమూ రాదు. తెలుగు పుస్తకం మళ్లీ ముట్టుకోలేదు. వచ్చే ఏడాది తరువాత నేనూ అంతే."

పిల్లలందరూ నవ్వినారు. మాస్టారు నవ్వలేదు. ముప్పది ఏండ్లుగా తెలుగు చెబుతున్న మనిషి ఆయన. తరగతిలో మంచి పద్యము చదివి వినిపించిన విద్యార్థులలో ఎందరు ఆ తరువాత మరి పద్యము చదివినారో ఆయనకు తెలియనిది కాదు. సంస్కృతముమీద ఆయనకు కోపము లేదు; ఆ పేరుతో రెండు భాషలూ పోతున్నవని బాధ. అయినా ఆ మండపములో, ఆ కుర్రవానికి చెప్పదగిన సమాధానము ఆయనవద్ద దొరకలేదు. "లే, నీళ్లు త్రాగి రా" అన్నారు.

లేచేముందు ఆయన మరొక కవిని తలచుకొన్నారు. దివిసీమలోని పెదప్రోలు వాస్తవ్యుడైన కాసుల పురుషోత్తమకవి ఈ స్వామిమీదనే ఆంధ్రనాయకశతకము వ్రాసినాడు. అది నిందాస్తుతి. సీసపద్యములలో దేవుని నిలదీసి, ఎత్తిపొడిచి, పరువు తీసి, ఆ తిట్టులోనే మ్రొక్కినాడు. దేవుని తిట్టవచ్చునన్న మాట పిల్లలకు మిక్కిలి నచ్చింది. రాయల కావ్యముకంటె ఈ శతకమునే వారు ముందు చదువుతారని చెప్పడానికి జోస్యము అక్కరలేదు.

మధ్యాహ్నము పులిహోర పొట్లములు విప్పుకొని తిని, వారు నదికి వీపు త్రిప్పి తూర్పుగా పొలములలోనికి దిగినారు. వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరచుకొన్నది. వరి కోతకు ముందే నిలిచిన పైరులో మినుములు చల్లుతారు. కోత అయ్యేసరికి మొలకలు లేచి ఉంటాయి. దున్నకుండా, నీరు పెట్టకుండా, నేలలోని తేమతోనే పంట చేతికి వస్తుంది. మధ్య మధ్య గడ్డివాములు, పిల్లకాలువలు, కాలువల మీద తాటిదుంగల వంతెనలు. వంతెన దాటడములో ఒకని చెప్పు కాలువలో పడింది. మిగిలిన చెప్పుతో వాడు అర మైలు నడచి, అది లాభములేదని దానినీ చేతబట్టుకొన్నాడు. ఇద్దరికి మడమలు బొబ్బలెక్కినవి. ఒక అమ్మాయి ఇక నడవలేనని గట్టుమీద కూర్చొంటే, ఎడ్లబండి ఒకటి ఆమెను, టీచరుగారిని ఎక్కించుకొన్నది. తక్కినవారు ఆ బండి వెనుక అసూయతో నడచినారు.

ఘంటసాల చేరినది సాయంకాలము. పురావస్తుశాఖవారి కంచెలోపల ఇటుకల దిబ్బ ఒకటి. దూరమునుంచి వచ్చి చూచినవారికి మొదట నిరాశ కలిగించే దృశ్యమే అది. పిల్లల ముఖములలోనూ ఆ నిరాశ కనబడింది. సాంఘికశాస్త్రపు మాస్టారు ఈ క్షణముకోసమే వచ్చినట్లున్నారు. ఆయన నేలమీద పుల్లతో గుండ్రముగా గీచి, లోపల చతురస్రము పెట్టి, మధ్యనుంచి అంచులకు గీతలు లాగినారు. స్తూపము లోపలి గోడలు బండిచక్రపు ఆకులవలె ఉండేవి. పందొమ్మిదవ శతాబ్దిలో అలెగ్జాండర్ రే పరిశీలించి పటము గీచినప్పుడు బయటపడిన నిర్మాణము అది.

రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ ఈ తీరములో కొంటకొస్సిల అనే రేవును పేర్కొన్నాడు. అది ఈ ఊరే అని పండితుల నిర్ణయము. మూడవ శతాబ్దిలో బోధిసిరి అనే ఉపాసిక కంటకసెలలోని మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము ఒకటి కట్టించినట్లు నాగార్జునకొండ శాసనములో వ్రాయించింది. దానము దిగువన, శాసనము ఎగువన. రెండూ ఈ కృష్ణ ఒడ్డునే. సాగరు జలాశయములో ఆ లోయ మునిగిపోయింది. మునగకముందే త్రవ్వి, దొరికినవానిని కొండమీదికి చేర్చినారు. ఆమె కట్టించిన మండపము ఈనాడు కనబడదు. ఆమె వ్రాయించిన మాట మిగిలింది.

"ఇక్కడ రేవా? సముద్రం ఎక్కడుంది మాస్టారూ?" అని అందరూ ఒక్కసారిగా అడిగినారు. సముద్రతీరపు పట్టణమైన మచిలీపట్నము అక్కడికి సుమారు ఇరవై కిలోమీటర్లు. ఆయన సమాధానము చెప్పకుండా టీచరుగారివైపు చూచినారు. ఆమె ఉదయము గట్టుకోతలో చూపిన మట్టిపొరలను గుర్తుచేసినారు. నది తెచ్చిన ఒండ్రు తీరమును తూర్పుకు నెట్టుకొంటూ పోతుంది. పాయలు పూడుతవి, దారులు మారుతవి. ఓడలు వచ్చిన చోట మినుము పండుతుంది. ఊరిలోని శివాలయములో స్వామిపేరు జలధీశ్వరుడు. జలధి అంటే సముద్రము. నీరు తప్పుకొన్నా దేవుడు పేరు మార్చుకొనలేదు.

ఘంటసాల శిల్పములు కొన్ని పారిస్ నగరములోని గిమే ప్రదర్శనశాలలో ఉన్నవని మాస్టారు చెప్పినప్పుడు పిల్లలకు కోపము వచ్చింది. పసుపుకొమ్ము చేతిలో పట్టుకొని వచ్చిన అమ్మాయి లేచి, "అంటే దొంగిలించుకుపోయారా?" అన్నది.

ఆయన ఆ మాటకు బదులుగా కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న భట్టిప్రోలు కథ చెప్పినారు. అక్కడి స్తూపము దీనికంటె పెద్దది, తెలుగునేల మీద దొరికిన అత్యంత ప్రాచీన లిపి గల ధాతుకరండములు దానిలో బయటపడినవి. కాని పరిశోధకులు చేరకముందే, పందొమ్మిదవ శతాబ్దిలో, దాని ఇటుకలు రోడ్డు వేయడానికి పోయినవి; పాలరాతి పలకలు వెల్లటూరువద్ద కాలువ తూముకట్టడానికి వాడినారు. ఆ కాలువలే ఈ డెల్టాకు అన్నము పెట్టినవి. ఆ రాళ్లను పగులగొట్టినవారిలో మన కూలీలున్నారు, మన గుత్తేదారులున్నారు.

"పారిస్‌కు పోయిన రాయి ఉన్నది. తూములోకి పోయిన రాయి లేదు. ఇప్పుడు చెప్పమ్మా."

ఆమె చాలాసేపు చెప్పలేదు. చివరకు, "రెండూ ఇక్కడ లేవు కదండీ" అన్నది. ఆ రాత్రి, ఊరిలో ఒక విద్యార్థి బంధువుల ఇంటి వసారాలో చాపలు పరచుకొని పడుకొన్న తరువాత కూడ ఈ వాదము నడచింది. ఎవరు గెలిచినారో నిద్రపోయినవారికి తెలియలేదు.

ఆదివారము ఉదయము మొవ్వ దారి పట్టినారు. మంచు విడువలేదు. మొవ్వలో వేణుగోపాలస్వామి ఆలయమున్నది. పదిహేడవ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య ఈ స్వామినే మువ్వగోపాలా అని పిలుచుకొన్నాడని ప్రసిద్ధి. క్షేత్రయ్య ఊరు ఇది కాదనీ, ఆ మువ్వ తమిళదేశములో ఉన్నదనీ వాదించిన పండితులు లేకపోలేదు. మధుర తిరుమల నాయకుని కొలువు, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువు, గోలకొండ తిరిగినవానిని ఏ ఊరివాడని నిలబెట్టగలము? పదముల చివర ఆ గోపాలుడు మాత్రము స్థిరముగా ఉన్నాడు. తెలుగుపదము తమిళదేశపు రాజసభలలో, ఆ తరువాత దేవదాసీల గొంతులలో బ్రతికి, అక్కడినుంచి తిరిగి మనకు చేరింది. ఈ సంగతి మాస్టారు చెబుతున్నప్పుడు ఆలయపు అర్చకుడు విని, పిల్లల చేతులలో ప్రసాదము పెడుతూ, "ఏ పండితుడు ఏమన్నా, గోపాలుడు ఇక్కడే ఉన్నాడు నాయనా" అని ముగించినాడు.

కూచిపూడి అక్కడికి దగ్గరే. దారిలో భట్లపెనుమర్రు ఊరి పేరు వినబడగానే సాంఘికశాస్త్రపు మాస్టారు నిలబడినారు. జాతీయపతాక రూపశిల్పి పింగళి వెంకయ్యగారు 1876లో జన్మించిన గ్రామము అది. 1921లో విజయవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశములో ఆయన గాంధీజీకి పతాక నమూనా అందించినారు. పతాకము మీద వ్యాసరచన పోటీలలో బహుమతులు పొందినవారు ఆ గుంపులో ఇద్దరున్నారు. ఊరు ఇంత దగ్గరనని వారికీ తెలియదు.

కూచిపూడి అగ్రహారమును గోలకొండ ఏలిన తానీషా నాట్యమునకు మెచ్చి భాగవతులకు ఇచ్చినాడని ప్రతీతి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును ఆడతామని మాట ఇచ్చిన కుటుంబములవి. తరతరములుగా మగవారే సత్యభామ వేషము కట్టినారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషములో పేరుపొంది 1970లో పద్మశ్రీ అందుకొన్నారు, 2012లో కన్నుమూసినారు. ఇప్పుడు నేర్చుకొనేవారిలో ఆడపిల్లలే అధికము. దేశదేశములనుంచి వచ్చి నేర్చుకొంటారు.

మధ్యాహ్నపు ఎండలో, ఒక పాతయింటి వసారాలో, పది పన్నెండేండ్ల పిల్లలు నలుగురు అడుగులు వేస్తున్నారు. గురువు నేలమీద కూర్చొని కఱ్ఱతో తాళము వేస్తున్నాడు. ఒక్కటే అడుగు. తప్పినప్పుడెల్లా కఱ్ఱ ఆగుతుంది, మళ్లీ మొదటినుంచి. నడచివచ్చిన పదిహేడుగురు వాకిట నిలబడి చూచినారు. వారి కాళ్లు మోకాళ్లవరకు దుమ్ము. ఒకడు ఇంకా వట్టికాళ్లతోనే ఉన్నాడు. లోపలి పిల్లల మడమలు నేలను తాకిన ప్రతిసారి బొబ్బలెక్కిన ఇద్దరూ తమ కాళ్లవైపు చూచుకొన్నారు.

"ఇదెన్నాళ్లు నేర్చుకోవాలండీ?" అని ఒకడు మెల్లగా అడిగినాడు.

గురువు తల ఎత్తలేదు. "ఈ అడుగా? ఈ పిల్లది ఆర్నెల్లుగా వేస్తోంది" అన్నాడు.

బస్సు నాలుగున్నరకు. ఎక్కించేటప్పుడు టీచరుగారు లెక్కపెడితే పదహారుగురే వచ్చినారు. తెలుగు మాస్టారు వెనుకకు పోయి వెదకినారు. మండపములో తన అన్న సంగతి చెప్పిన కుర్రవాడు ఆ వసారా ముందే ఇంకా నిలబడి ఉన్నాడు. లోపల సత్యభామ తన పేరు చెప్పుకొనే దరువు మొదలయింది. మాస్టారు వానిని పిలువలేదు. దరువు అయ్యేదాకా ఆయనా ప్రక్కన నిలబడినారు. ఆ బస్సు పోయింది. అందరూ తరువాతి బస్సుకు ఎక్కినారు.